అద్దం పట్టినవాళ్ళు చూడకూడదు

ఈ సంగతి నేను చాలామందికి నోటితో చెప్పాను. చెప్పిన ప్రతిసారీ విన్నవాళ్ళు దాన్ని దయ్యం కథ చేసి ఇంకొకరికి చెప్పారు. ఒకసారి బెజవాడ బస్సులో పక్కన కూర్చున్నావిడ నా కథే నాకు చెప్పింది. అందులో అద్దంలోంచి చెయ్యి బయటికి వచ్చిందట. నాకు అక్షరాలు వచ్చింది అరవై దాటాక, మనవరాలి పలక మీద. వచ్చాయి కదా, జరిగింది జరిగినట్టు రాసిపెడదామనుకున్నాను. చెయ్యేమీ రాలేదు. అయినా నా భయం తగ్గలేదు, అది వేరే సంగతి.

మాది నందిగామ. జగ్గయ్యపేట కోడలినయ్యాను. మా అత్తవారి ఇంటికీ రంగుల సావిడికీ మధ్య గోడ ఒక్కటే. మునేటి ఒడ్డున ఒక ఊరి అమ్మవారి చెక్క విగ్రహాలు రెండేళ్ళకొకసారి బండ్ల మీద పేటకు, ఆ సావిడికి వచ్చేవి. ఆ ఊరి పేరు రాయను, అక్కడివాళ్ళకు ఎలాగూ తెలుస్తుంది. వచ్చిన విగ్రహాలకు పాత రంగు గీకి, సుద్దా చింతగింజల జిగురూ పూసి ఆరబెట్టి, మళ్ళీ రంగులు వేసేవారు. చీర రంగు, నగల రంగు, ఒంటి పసుపు, చివరికి కళ్ళు. కళ్ళు పెట్టేది శుక్రవారం పొద్దున. అవి పెట్టేదాకా అమ్మవారిని ఎవరూ నేరుగా చూడకూడదు, పనివాళ్ళు తప్ప.

చూడకూడదంటే జనం ఊరుకుంటారా? చుట్టుపక్కల ఊళ్ళన్నీ బండ్లు కట్టుకుని వచ్చేవి. ఏడాదంతా గుళ్ళో ఉన్న అమ్మను చూసినవాళ్ళే, రంగు పడుతున్న అమ్మను చూడాలని ఎగబడేవారు. మా అత్తగారి అత్తగారి కాలంలో జనం సావిడిలోకి తోసుకొచ్చి, పచ్చి రంగు మీద చేతులు వేసి, అమ్మవారి భుజం మీద పది వేళ్ళ ముద్రలు మిగిల్చారట. అప్పట్నుంచి పెద్దలు అద్దం ఏర్పాటు చేశారు.

ఆ ఏర్పాటు ఇది. విగ్రహాలు లోపలి గదిలో ఎత్తు అరుగు మీద ఉండేవి. వీధిలో నిలబడితే ఆ గది కనిపించదు. సావిడి వసారాలో ఒక పక్కగా నిలువెత్తు బెల్జియం అద్దాన్ని ఏటవాలుగా పెట్టేవాళ్ళు. వీధిలో ఒకచోట నాపరాయి పలక పరిచి ఉండేది. దాని మీద నిలబడితే అద్దంలో అమ్మవారు కనిపించేది. ఒక్క చూపు చూసి ముందుకు సాగిపోవాలి. రెండడుగులు వేస్తే అమ్మవారు పోయి, అద్దంలో మన వీధే, మన వెనకున్న జనమే కనిపించేవారు. వసారాకు అడ్డంగా వెదురు దడి కట్టేవాళ్ళు. ఎంత తోపులాట అయినా దడి దాకానే.

ఆ అద్దం పట్టుకోవడం మా ఇంటి ఆడవాళ్ళ వంతు. అమ్మవారు ఎత్తు మీద ఉండేది కాబట్టి అద్దాన్ని వెనక్కి వాల్చి పట్టుకోవాలి. పిల్లలు వస్తే ఒక రకంగా, పొడుగు మనుషులు వస్తే ఇంకో రకంగా అంగుళం అటూ ఇటూ కదపాలి. దుమ్ము పడితే తుడవాలి. ఒక్కటే నియమం. పట్టినవాళ్ళు చూడకూడదు. వచ్చిన జనం ఒక్క చూపు చూసి పోతారు, పట్టినవాళ్ళు పొద్దస్తమానం అక్కడే ఉంటారు. కళ్ళు లేని అమ్మకు అంతసేపు ఎదురుగా ఉంటే, ఆమె వాళ్ళ కళ్ళు అడుగుతుందని చెప్పేవారు.

స్వాతంత్ర్యం వచ్చిన తరువాతి మాఘమాసంలో ఆ వంతు నాకు వచ్చింది. మా అత్తగారికి మోకాళ్ళు పట్టేశాయి. ఆవిడ అరుగు మీద పీట వేసుకుని, చేతిలో బెత్తం పుచ్చుకుని జనాన్ని తోలడానికి కూర్చుంది. నాకప్పుడు పద్దెనిమిదేళ్ళు. నాలుగో నెల.

"తల పైకెత్తకు, అద్దం వంక తిప్పకు. ఎవరేమడిగినా నేను చెబుతాను," అంది నా కొంగు తలమీదికి లాగి సర్దుతూ.

"నాకు కనపడకుండా ఎలా సర్దనండీ?"

"చూసేవాళ్ళ మొహాలు చూసి సర్దు. మొహం మారిందంటే అమ్మ కనపడ్డట్టు."

ఆ ఏడు వచ్చినంత జనం ఎప్పుడూ రాలేదని అందరూ అన్నారు. తిరునాళ్ళ జనం సరే, నైజాం వైపు గొడవలకు ఇళ్ళు వదిలి గరికపాడు మీదుగా వచ్చినవాళ్ళు పేట నిండా ఉన్నారు. సంత దొడ్లో, మిరపకాయల కొట్ల వసారాల్లో, బండ్ల కింద కాపురాలు. వాళ్ళకు పనిలేదు, పోవడానికి చోటు లేదు. పొద్దున లేచి వరసలో నిలబడేవారు. చూసి, తిరిగి వెళ్ళి వరస చివర నిలబడేవారు.

మా అత్తగారి గొంతు వీధి చివరిదాకా వినపడేది.

"కదలండమ్మా, కదలండి! చూసినోళ్ళు ముందుకి! ఏమయ్యో తలపాగా, ఎంతసేపు నిలబడతావ్? అమ్మవారికి నువ్వు కనపడవులే, ఇంకా కళ్ళు పెట్టలా."

"అంటే మనం చూస్తన్నట్టు ఆమెకి తెలవదంటావా పిన్నీ?"

"తెలవదనే కదా మీరంతా ఇట్టా దొంగచూపులు చూస్తంది! పద పద."

జనం నవ్వేవారు. ఇంకెవరో వెనకనుంచి, "ఒసేయ్, అమ్మవారిని చూడవే, జడ సర్దుకుంటన్నావేంటి అద్దం దొరికింది గదాని!" అని అరిచేవారు. మళ్ళీ నవ్వులు.

ఆ నవ్వులు నాపరాయి దాకానే వచ్చేవి. అద్దం అంచు పక్కనుంచి నాకు కనిపించేవి చూసేవాళ్ళ మొహాలు మాత్రమే. రాయి మీద కాలు పెట్టేదాకా గోల చేస్తూ వచ్చిన మొహం, పెట్టగానే ఖాళీ అయ్యేది. ఎవరో లోపలినుంచి దీపం ఆర్పినట్టు. తరువాత, ఆడా మగా తేడా లేకుండా, ఒక చెయ్యి పైకి లేచి తన కళ్ళను తాను తడుముకునేది. ఇది వాళ్ళెవరికీ తెలిసేది కాదు. దాటగానే చెయ్యి దిగిపోయేది, మళ్ళీ నవ్వులు. పొద్దుటినుంచి సాయంత్రం దాకా అదే. మొహం ఖాళీ అవడం, చెయ్యి లేవడం, కళ్ళు తడుముకోవడం. రెండో రోజుకు నాకు అన్నం సహించలేదు. ఎదురుగా వచ్చే మొహాలన్నీ నా వెనకాల ఉన్నదేదో చూస్తున్నాయి, నేను మాత్రం చూడకూడదు.

ఆమెను గుర్తుపట్టింది రెండో రోజే. గళ్ళ చీర, రవిక భుజం దగ్గర చినుగు, ముప్పైలోపు వయసు. రాయి మీద ఆగేది కాదు. అందరూ ఆగేచోట ఆగకుండా, రెండడుగులు దాటి ఆగేది. అక్కడ అద్దంలోకి చూసేది. అందరి మొహాలూ ఖాళీ అయితే ఈమె మొహం నిండేది. నిండిన మొహంతో చటుక్కున వెనక్కి తిరిగేది. అక్కడ ఏమీ లేనట్టు మళ్ళీ అద్దం వైపు తిరిగేది. అప్పుడు ఆమె మొహం చూడలేకపోయేదాన్ని.

మూడోసారి వచ్చినప్పుడు నేనే ఉండబట్టలేక అన్నాను. "ఏమ్మా, అక్కణ్ణుంచి అమ్మవారు కనపడదు. వెనక్కి వచ్చి రాయి మీద నిలబడు."

"కనబడ్డది," అంది.

"అమ్మవారా?"

"నా బిడ్డ."

వెనకనుంచి జనం తోసుకుపోయారు. ఆమె కొట్టుకుపోయింది.

బుధవారం మధ్యాహ్నం పనివాళ్ళు భోజనానికి లేచినప్పుడు వరస ఆగింది. నేను అద్దం మీద దుప్పటి కప్పి మంచినీళ్ళు తాగుతున్నాను. ఆమె వచ్చి దడి అవతల గొంతుక్కూర్చుంది. తనే చెప్పుకుపోయింది.

"మా ఊరి మీద పడ్డరు. ఉరికినం. పాలేరు వాగు దాటేటప్పుడు నా బిడ్డ చెయ్యి జారింది. ఏడేండ్లది. నలుగురు నన్ను పట్టి ఒడ్డుకు గుంజిండ్రు. మళ్ల ఉరికి చూస్తే ఏడ లేదు. నీళ్ళల్ల పోయిందన్నరు. పోతే తేలాలె గద? కార్తీకం కాడికెల్లి ఆ వాగెంట తిరిగిన. తేలలే."

"మరి అద్దంలో..."

"అందరెనక కనబడ్తది. అందరికన్న మీద. నేల మీద నిలబడ్డట్టు గాదు, గాలిల ఉన్నట్టు. ఏడ్వది, నవ్వది. నన్నే చూస్తది. నేను వెనక్కి మళ్లి చూస్తే ఉండది. మళ్ల అద్దంల చూస్తే ఆడ గూడ ఉండది."

నేను చెంబు కింద పెట్టేశాను. ఇంటికి వెళ్ళాక మా అత్తగారితో చెప్పాను. ఆవిడ మోకాలికి ఆముదం రాసుకుంటోంది. రాసే చెయ్యి ఆపింది.

"నీళ్ళల్లో పోయిన పిల్లే. కళ్ళు లేని అమ్మ దగ్గరికి పోయినోళ్ళంతా వచ్చి కూర్చుంటారంటారు. ఆమె చూడదు కదా, తరమదు. కళ్ళు పెట్టగానే లేచిపోతారు." మళ్ళీ రాసుకుంటూ అంది. "ఆ తల్లికి ఇది చెప్పబోకు."

ఆ మాట విన్న తరువాత అద్దం వెనక నిలబడడం ఎలా ఉంటుందో చెప్పలేను. వీధిలో జనం, వాళ్ళ వెనక వాళ్ళకన్నా ఎత్తున, గాలిలో, నీళ్ళలో పోయినవాళ్ళు కూడా వరస కట్టి ఉన్నారనిపించింది. నా తల మీది కొంగు ఇంకా కిందికి లాక్కున్నాను.

గురువారం ఆమె పొద్దున్నుంచి ఐదుసార్లు తిరిగింది. ఒకసారి కనిపించిందట, నాలుగుసార్లు లేదట. మధ్యాహ్నం వరస ఆగగానే దడి పట్టుకుని నిలబడింది.

"రేపు కండ్లు పెడ్తరంట గద. అద్దం ఎత్తిపెడ్తరంట."

"అవునమ్మా. మళ్ళీ రెండేళ్ళకే."

"మమ్ముల గూడ రేపే నందిగామ తోలుతరు. ఈడ చోటు లేదంటున్నరు." దడి వెదుర్ల సందులోంచి నా చెయ్యి పట్టుకుంది. "నువ్వొక్కపారి చూడు చెల్లే. నాకు ఎర్రి లేసిందంటున్నరు మావోళ్ళు. లేసిందేమో. నా కండ్లను నేను నమ్ముతలేను. నువ్వు చూసి ఉన్నదంటే నేను నందిగామ పోను, ఈడనే వెతుకుత. లేదంటివా, పీనుగ దొరకకున్నా సరే, ఇయ్యాల్నే తలమీద నీళ్ళు పోసుకుంట. ఎటూ గాకుంట నేను బతకలేను."

తలమీద నీళ్ళు పోసుకోవడమంటే పిల్ల చచ్చిపోయిందని ఒప్పుకోవడం.

నేను చూడకూడదని ఆమెకు తెలియదు. చెబుదామని నోరు తెరిచాను. నాలుగో నెల కడుపు మీద చెయ్యి పెట్టుకున్నాను. మా అత్తగారు భోజనానికి లోపలికి వెళ్ళింది. వీధిలో పదిమంది కూడా లేరు. నేను ధైర్యస్తురాలిని కాదు. కానీ నాలుగు రోజులుగా అందరూ చూసేదాన్ని చూడకుండా నిలబడి, ఆ భయం కంటే చూడడమే నయమనిపించిందేమో.

"నువ్విలా వచ్చి అద్దం పట్టుకో. ఎలా ఉన్నదాన్ని అలాగే పట్టుకో, కదపబోకు. నేను నీ చోట నిలబడి చూస్తాను," అన్నాను.

ఆమె దడి కింద దూరి వచ్చింది. నేను అవతలికి వెళ్ళాను. ఆమె చోటికి పోవాలంటే నాపరాయి మీదుగానే పోవాలి. తల దించుకుని గబగబా దాటేద్దామనుకున్నాను. రాయి కాలికి తగలగానే నా తల దానంతటదే లేచింది.

పసుపు పూసిన పెద్ద మొహం. ముక్కు ఉంది, ముక్కుకు నత్తు ఉంది, పెదవుల మీద తడి ఆరని ఎరుపు ఉంది. కనుబొమలు కూడా గీశారు. వాటి కింద, కళ్ళు ఉండవలసిన చోట, తెల్లటి సుద్ద. నున్నగా. గుడ్డిదాని కళ్ళలా కాదు. కళ్ళనేవి ఈ లోకంలో ఎవరికీ ఉండవన్నట్టు. నా చెయ్యి నా కళ్ళ మీద ఉందని చాలాసేపటికి తెలిసింది.

రెండడుగులు ముందుకు వేశాను. పసుపు మొహం పక్కకు జరిగిపోయింది. అద్దంలో నేను, నా వెనక ఎండ పడ్డ వీధి. ఇద్దరు ముసలాళ్ళు, ఒక బండి. పిల్ల లేదు. లేదని చెప్పాలి, ఆమె నీళ్ళు పోసుకుంటుంది అనుకుంటూ చూపు కొంచెం పైకి జరిపాను. అద్దం పై అంచు దగ్గర, అందరికన్నా ఎత్తులో, ఒక చిన్న మొహం. కదలడం లేదు. ఆ సుద్ద మొహం చూసివచ్చిన నాకు ఈ మొహమంతా కళ్ళే అనిపించాయి. అవి నా వైపే చూస్తున్నాయి.

ఆమె చెప్పినట్టు ఇప్పుడు మాయమవుతుంది, అవుతుంది అనుకుంటున్నాను. అవలేదు. చూస్తూనే ఉంది. ఎంతసేపైనా పోకపోయేసరికి, పోకపోవడమే ఎక్కువ భయమేసి, ఇక నిలబడలేక వెనక్కి తిరిగాను. తలెత్తాను.

ఎదురింటి మేడ మీద కిటికీ. కింది రెక్కలు మూసి, పై రెక్కలు తెరిచి ఉన్నాయి. అందులో ఆ పిల్ల.

ఆ మేడ మీద ఎవరూ ఉండరని అందరికీ తెలుసు. అక్కడ చింతపండు బుట్టలు పెట్టేవారు. అమ్మవారి కోసం అద్దాన్ని వెనక్కి వాల్చి పట్టుకున్నాం కదా, రాయి దాటినవాళ్ళకు ఆ కిటికీ అద్దంలో పడుతోంది. కొత్త కోడలినని నేను నాలుగు రోజులుగా తల ఎత్తలేదు. జనమంతా సావిడి వైపే తిరిగి ఉన్నారు. పైన ఉన్న కిటికీని చూసే పని ఎవరికుంది?

"ఉంది," అని అరిచాను. "ఎదురింటి మేడ మీద ఉంది, మనిషే!"

ఆమె అద్దాన్ని గోడకు ఆనించి దడి మీదనుంచే దూకింది. పిల్ల కిటికీలోంచి అటు చూసింది. చూడగానే కిందికి కూలబడినట్టు మాయమైంది.

ఎదురింటి మామ్మ వాకిట్లోనే ఉంది. పెద్దావిడ, ఇంట్లో ఆవిడా ముసలాయనా తప్ప ఎవరూ లేరు. మమ్మల్ని చూసి తలుపుకు అడ్డం నిలబడింది.

"పైన ఎవరూ లేరమ్మా, చింతపండు ఉంది," అంది. తరువాత తల్లి మొహం చూసి, అడ్డం తప్పుకుని, గోడకు ఆనుకుంది. "గరికపాడు దగ్గర మా బండివాడికి దొరికింది. తల్లి పోయిందని దాన్ని వాగు దగ్గర్నుంచి అక్కడిదాకా తెచ్చినోళ్ళే చెప్పారు. మనుషుల్ని చూస్తే వణికిపోతుంది, అందుకే పైన ఉంచా. నేనేమీ దాచలేదమ్మా. దాచానేమో. మూణ్ణెల్లుగా నా పక్కలోనే పడుకుంటంది."

మెట్లెక్కాం. చింతపండు పులుపు వాసన. బుట్టల వెనక మూల పిల్ల ముడుచుకుని ఉంది. తల్లి పేరు పెట్టి పిలిచింది. పిల్ల రాలేదు. అరవలేదు, ఏడవలేదు. తల్లి ఒక అడుగు వేస్తే గోడలోకి దూరిపోయేలా వెనక్కి జరిగింది. దగ్గరికొచ్చిన మామ్మ కొంగు పట్టుకుని పిల్ల గుసగుసగా అంది.

"అది అమ్మ గాదు. అద్దంలది."

మాకందరికీ అప్పటికి అర్థమైంది. తల్లి చచ్చిపోయిందని పిల్లకు చెప్పారు. కిటికీలోంచి కిందికి చూస్తే జనం వీపులూ కొంగు కప్పుకున్న తలలే తప్ప మొహాలు కనపడవు. సావిడిలో అద్దంలో మాత్రం మొహాలు కనిపిస్తున్నాయి. అందులో, కళ్ళు లేని అమ్మవారి ఇంటిలోపల, చచ్చిపోయిన తన తల్లి మొహం రోజూ నాలుగైదుసార్లు వచ్చి తనవైపు చూస్తోంది. చూసి, గుర్తుపట్టి, ఒక్కసారి వెలిగిపోతోంది. అప్పుడు పిల్ల భయపడి కిటికీ కింద నక్కేది. నక్కగానే తల్లి వెనక్కి తిరిగేది. నాలుగు రోజులు తల్లి బిడ్డను దయ్యమనుకుంది, బిడ్డ తల్లిని దయ్యమనుకుంది. అయినా ఇద్దరూ చూడడం మానలేదు.

"బిడ్డా, నేనే. చావలే. ఒడ్డుకు గుంజిండ్రు నన్ను," అంది తల్లి గడప దగ్గరే నిలబడి. పిల్ల ఆమె మొహం వంక చూడటం లేదు. ఆమె చీర అంచు వంక చూస్తోంది, అది నేలను ఎక్కడ తాకుతోందో అక్కడ.

మామ్మకే మొదట తట్టింది. "అమ్మాయ్, కుచ్చెళ్ళు ఎత్తు. పాదాలు చూస్తంది అది."

చచ్చినవాళ్ళకు పాదాలు వెనక్కి తిరిగి ఉంటాయని చిన్నపిల్లలకు కూడా తెలుసు.

తల్లి రెండు చేతులతో చీర చీలమండల పైకి ఎత్తింది. పగిలిన పాదాలు, ముళ్ళు గీసుకుపోయిన మచ్చలు, ఒక కాలికి మెట్టె లేదు. వేళ్ళు మా వైపే ఉన్నాయి. తరువాత నెమ్మదిగా, ఎవరూ చెప్పకుండానే, గుండ్రంగా తిరిగి మడమలు చూపించింది. మళ్ళీ ఇటు తిరిగింది. నేను కూడా ఆ పాదాలే చూస్తున్నాను. అవి ముందుకు ఉన్నాయని చూసి నా గుండె కుదుటపడిందని ఒప్పుకోవాలి.

పిల్ల బుట్టల మధ్యనుంచి పాకుతూ వచ్చి, ఒక పాదం మీద చెయ్యి వేసింది.

"సల్లగున్నయి," అంది.

"నడిచి నడిచి అట్లయినయి బిడ్డా."

పిల్ల చెయ్యి తీయలేదు. మొహం వంక మాత్రం చూడలేదు.

నేను కిందికి వచ్చేసరికి మా అత్తగారు మోకాళ్ళ నొప్పికి నిలబడలేక ఒక చేత్తో గోడ, ఒక చేత్తో అద్దం పట్టుకుని ఉంది. జనం దడి దాకా వచ్చేశారు. పెద్ద రంగులాయన లోపలి తలుపుకు అడ్డంగా నిలబడి, "వెనక్కి, వెనక్కి, తడి ఆరలేదు" అని అరుస్తున్నాడు. నేను అద్దం అందుకున్నాను. మా అత్తగారు నా మొహం ఒకసారి చూసింది.

"చూశావా?"

"చూశానండీ."

సాయంత్రం నన్ను పడుకోబెట్టి రెండు కళ్ళలో ఆముదం చుక్కలు వేసింది, తరువాత నా పొట్ట మీద కూడా రాసింది. నందిగామకు పురిటికి వెళ్ళేదాకా ఆవిడ రోజూ నా రెప్పలు విప్పి చూసేది. పుట్టినవాడికి కళ్ళు బాగానే ఉన్నాయి. మంత్రసాని చేతిలోంచి అందుకుని నేను మొదట చూసింది అవే. ఆ తరువాత కూడా చాలా ఏళ్ళు, ఎవరైనా పసిబిడ్డను చేతికిస్తే ముందు రెప్పల కింద వేలు పెట్టి చూసేదాన్ని. ఎందుకో అడిగినవాళ్ళకు ఏదో ఒకటి చెప్పేదాన్ని.

శుక్రవారం పొద్దున్నే వీధి నిండిపోయింది. కళ్ళు పెట్టేముందు అద్దాన్ని లోపలికి తీసుకుపోయారు. ఇంకాసేపట్లో తెర తీస్తారు, అమ్మవారిని నేరుగా చూడవచ్చు. ఎక్కడెక్కడినుంచో జనం సావిడి వైపు నదిలా వస్తున్నారు. చేతికి పనిలేక నేను మా గుమ్మంలో నిలబడ్డాను.

ఆ జనానికి ఎదురు నడుస్తూ ఇద్దరు వచ్చారు. తల్లీ పిల్లా. వాళ్ళవాళ్ళ బండ్లు నందిగామ రోడ్డు మీద సిద్ధంగా ఉన్నాయట. ఎదురింటి మామ్మ వాకిట్లోకి రాలేదు. మేడ కిటికీ పై రెక్కలు కూడా మూసి ఉన్నాయి. పిల్లకు కొత్త గౌను, తలకు నూనె. మామ్మే తొడిగి, దువ్వి పంపింది.

అంత తొక్కిసలాటలోనూ పిల్ల తల్లి చెయ్యి పట్టుకోలేదు. నాలుగడుగులు వెనక నడుస్తోంది. తల వంచుకుని, తల్లి పాదాల వంకే చూస్తూ. జనం మధ్యలోకి వచ్చినప్పుడల్లా పక్కకు వంగి, కాళ్ళ సందుల్లోంచి మళ్ళీ ఆ పాదాలను వెతుక్కుంటోంది.

తల్లి ఒక్కసారి కూడా వెనక్కి తిరిగి చూడలేదు. నాలుగు రోజులు తిరిగి తిరిగి చూసిన మనిషి, ఇక తిరగకూడదని ఎవరో చెప్పినట్టు నిటారుగా నడుస్తోంది. ఒక చేత్తో మూట పట్టుకుంది. రెండో చేత్తో చీర చీలమండల పైకి ఎత్తి పట్టుకుంది, బురద లేదు, నీళ్ళు లేవు, పొడి రోడ్డు. వీధి మలుపు తిరిగేదాకా అలాగే పట్టుకుని ఉంది. పక్కనుంచి పోతున్న ఆడవాళ్ళు ఆ పాదాల వంక చూసి, ఈమెకు సిగ్గు లేదా అన్నట్టు మొహాలు తిప్పుకున్నారు.